సగం ట్యాంకు దగ్గర

ఆదివారం సాయంత్రం నాలుగూ పదికి మిన్నీ బే మైదానంలో రేడియోతో నడిచే ఒక మోడల్ హెలికాప్టర్ ఇంజన్ గాలిలో ఆగిపోయింది. అప్పుడది నేలకు రెండు మీటర్ల ఎత్తున, దాన్ని నడుపుతున్న కెల్విన్‌కి నాలుగు మీటర్ల దూరంలో ఉంది. రెక్క కెల్విన్ మెడకూ ఎడమ భుజానికీ మధ్య తగిలింది. మంగళవారం మధ్యాహ్నానికి కూడా అతనికి స్పృహ రాలేదు.

సోమవారం ఉదయం పోలీసులు ధనరాజుని అరెస్టు చేశారు. ధనరాజు జంగ్లీఘాట్‌లో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఆదివారాలు కెల్విన్‌తో కలిసి హెలికాప్టర్లు ఎగరేస్తాడు. పడిన హెలికాప్టర్ కెల్విన్‌ది. అందులో ఉన్న ఇంధనం ట్యాంకు ధనరాజుది. ట్యాంకు లోపలి ట్యూబుకి ఎవరో సూది గుచ్చారు.

అరెస్టయిన గంటకి ధనరాజు భార్య కళ్యాణి ఆస్టినాబాద్‌లో లీదియా ఇంటి తలుపు తట్టింది. లీదియా పన్నెండేళ్లు ఓడల బీమా సర్వేయరుగా చేసి, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌గా ఉంది.

"ఆయన్ని బయటికి తీసుకురండి దీదీ. నాకింకేటీ అక్కర్లేదు," అంది కళ్యాణి.

మంగళవారం రెండింటికి లీదియా స్టేషన్ వెనక గదిలో కూర్చుంది. ఎస్సై సమక్షంలో ట్యాంకుని పరీక్షించడానికి ధనరాజు వకీలు అనుమతి తెచ్చాడు. ఎస్సై ప్రవీణ్ కుమార్ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఒక్కదానివే వచ్చావేంటక్కా? ఫొటోగ్రాఫర్ ఏడీ?"

ఇద్దరిదీ ఒకే తెలుగు చర్చి. పోయిన ఏడాది పడవల ఇంజన్లు పోయిన కేసులో ప్రవీణ్ కుమార్ మూడు నెలలు తిరిగాడు. లీదియా వాటిని ఒక వారంలో కనిపెట్టింది. పేపర్లో ఆమె ఫొటో పడింది. ఆ తర్వాత ఆదివారం నుంచి ప్రవీణ్ కుమార్ చర్చిలో కూర్చునే బల్ల మార్చుకున్నాడు.

"మగ్గుతో నీళ్లు తెప్పించు తమ్ముడూ," అంది లీదియా. "ఒక సిరంజి కూడా. సూది లేకుండా."

"మా డబ్బుతో సైన్సు పాఠమా?"

అయినా తెప్పించాడు.

ట్యాంకు ప్లాస్టిక్‌ది, అరచేతిలో పడుతుంది. నోటికి రబ్బరు బిరడా ఉంది. లీదియా బిరడా లాగింది. దాంతోపాటు మెత్తటి సిలికాన్ ట్యూబు బయటికి వచ్చింది. ట్యూబు కొసన ఇత్తడి గుండు ఉంది. హెలికాప్టర్ ఎటు వంగితే గుండు అటు జారుతుంది, ఇంధనం ఎక్కడుంటే అక్కడి నుంచి పీల్చి ఇంజన్‌కి పంపుతుంది.

ఆమె గుండు కన్నాన్ని వేలితో మూసి, రెండో కొసకి సిరంజి తగిలించి, ట్యూబుని నీళ్లలో ముంచి గాలి ఒత్తింది. బుడగ రాలేదు. ట్యూబు ట్యాంకులో ఎలా వంగి ఉంటుందో అలా వంచింది. బుడగలు వచ్చాయి, రెండు వైపుల నుంచి, ఎదురెదురుగా.

"ఈ పక్క గుచ్చితే ఆ పక్కకి తేలింది," అంది.

"నేను నిన్ననే రాశానది. కొత్త సంగతి చెప్పు."

"ఎక్కడ గుచ్చారో రాశావా?"

ప్రవీణ్ కుమార్ ట్యూబు మీదికి వంగాడు. చిల్లు గుండు దగ్గర లేదు. పైన, బిరడాకి బొటనవేలంత దూరంలో ఉంది. లీదియా ట్యూబుని మళ్లీ లోపల పెట్టి ట్యాంకుని నీళ్లతో నింపింది.

"ఇప్పుడు చిల్లు మునిగి ఉంది. చిల్లులోంచి ట్యూబులోకి పోయేదీ ఇంధనమే. ఇంజన్‌కి తేడా తెలీదు." నీళ్లు సగం ఒంపింది. "ఇప్పుడు చిల్లు పైకి తేలింది. ట్యూబులోకి గాలి పోతుంది. ఇంజన్ ఆగుతుంది. నిండు ట్యాంకు ఎనిమిది నిమిషాలు వస్తుంది. కెల్విన్ ఎన్నింటికి లేపాడు?"

"నాలుగూ ఆరు."

"ఆగింది నాలుగూ పదికి. గుండు దగ్గర గుచ్చి ఉంటే ఆఖరి నిమిషం దాకా ఆగేది కాదు. గుచ్చినవాళ్లకి సగం ట్యాంకు దగ్గరే ఆగాలి."

"ధనరాజుకి ఆ లెక్క రాదంటావా? అక్కా, నీ క్లయింటు మొగుడు పది మంది ముందు ఏమన్నాడో తెలుసా? బీచ్ ఉత్సవంలో ఎగరేయడానికి కెల్విన్ని ఎంచారు, ఇతన్ని వదిలేశారు. అప్పుడన్నాడు, వాడి ఇంజన్ ఎంతసేపు తిరుగుతుందో నేనూ చూస్తానని. వారం తిరక్కుండా ఇతని ట్యాంకుతోనే ఆగింది. ఇంక దర్యాప్తు చేయడానికి ఏముంది? ఈర్ష్య. దాన్ని నీళ్లలో ముంచితే బుడగలు రావు."

"నీకు తెలిసినంత బాగా నాకు తెలీదులే ఆ సంగతి," అంది లీదియా.

ప్రవీణ్ కుమార్ చెవులు ఎర్రబడ్డాయి. లీదియా ట్యాంకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మిగిలిన నీళ్లని తెల్ల కాగితం మీదికి ఒంపింది. నీళ్లతోపాటు ఒక బియ్యపు నూక పడింది.

"ఇదేంటి?"

"నూక. అతని టిఫిన్ డబ్బాలోంచి పడి ఉంటుంది. ఛోడో అక్కా, వదిలెయ్."

"బిరడా బిగించిన ట్యాంకులోకా?"

ఈ ద్వీపాల్లో తేమ తగలకూడనిది ఏదైనా బియ్యంలోకి పోతుంది. చేతి గడియారం, తడిసిన ఫోను, కెమెరా. ప్రవీణ్ కుమార్ తండ్రి చెవి మెషీను కూడా రాత్రి బియ్యం డబ్బాలోనే పడుకుంటుంది. హెలికాప్టర్ ఇంధనంలో ఉన్న మిథనాల్ గాలిలోని నీటిని పీలుస్తుంది. అందుకే ఎగరేశాక ట్యాంకుని ఖాళీ చేసి, ఆరబెట్టి, వారమంతా బియ్యంలో దాస్తారు. దాచేముందు బిరడా బయట ఉండే ట్యూబుల నోళ్లు ఒకదానితో ఒకటి కలిపేస్తారు. అప్పుడు లోపలికి దుమ్ము కూడా పోదు.

"బియ్యం డబ్బా దగ్గర ఎవరో బిరడా విప్పారు," అంది లీదియా. "ధనరాజుతో మాట్లాడాలి."

"ఐదు నిమిషాలు. నేను సహకరించానని మీ పేపర్‌వాళ్లకి చెప్పు."

ధనరాజు గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. లీదియాని చూసి లేచాడు.

"మా ఇంటిది తిన్నాదా దీదీ?"

"తిన్నాది. ట్యాంకు వారమంతా ఎక్కడుంది?"

"నా దగ్గరే. హేవ్‌లాక్ దీవిలో యర్రయ్య బోటు ఇంజన్ పనికెల్లాను కదా, పోయిన వారం సోమవారం. సంచీలో ఏసుకెల్లాను."

"బియ్యంలో పెట్టలేదా?"

"లేదు."

"ఆదివారం ఓడ దిగి ఇంటికెళ్లావా?"

"లేదు. సీదా గ్రౌండుకే."

"ఆటో చక్రి వేరే మాట చెప్పాడు. కళ్యాణి నీ హెలికాప్టర్ పెట్టె, గుడ్డలో చుట్టిన ట్యాంకు తన చేతికిచ్చి జెట్టీకి పంపిందట."

"చక్రికి ఏం మాలూమ్? పెట్టొక్కటే ఇచ్చుంటాది."

"సరే. నీ ఆట ఎలా ఉంటుందో చెప్పు. మొదటి సగం ట్యాంకు ఏం చేస్తావు?"

అతను కాస్త తేలికపడ్డాడు. "కిందే ఉంచుతాను. నిండు ట్యాంకు బరువు కదా. సగం అయ్యాక పైకి ఎత్తి ఆడిత్తాను."

"పైన ఉన్నప్పుడు ఇంజన్ ఆగితే?"

"దించేత్తాను. నాలుగుసార్లు ఆగింది, నాలుగుసార్లూ దించాను. ఇంజన్ ఆగినా రెక్క గాలికి తిరుగుద్ది. ఆ తిరుగుడు మీద మెల్లగా కిందకి తేవచ్చు. ఎత్తుండాలి అంతే."

"కెల్విన్?"

"ఆడిది ఉల్టా. ముందు పైన తిప్పేసి, సగం అయ్యాక మన మొహం ముందుకి తెత్తాడు. చప్పట్లు కావాలి ఆడికి."

"అంటే సగం ట్యాంకు దగ్గర ఇంజన్ ఆగితే నీ హెలికాప్టర్‌కి ఏమీ కాదు. కెల్విన్‌దైతే మీద పడుతుంది. కెల్విన్ ట్యాంకు పగిలింది ఆదివారం మూడున్నరకి. అప్పటిదాకా ఈ ట్యాంకు నీ హెలికాప్టర్‌లో బిగించడానికి వచ్చినదే. గుచ్చినవాళ్లు నీ ఆట చూసి గుచ్చారు. నీకు దెబ్బ తగలకూడదని కూడా చూసుకున్నారు. నీ ఆట అంత బాగా ఎవరికి తెలుసు?"

ధనరాజు మళ్లీ గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"దీదీ, నన్ను బయటికి తెమ్మని కళ్యాణే కదా మిమ్మల్ని పెట్టింది?"

"అవును."

"అయితే మానీండి. నాను చెప్తున్నాను. ఇక్కడితో మానీండి."

అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కానిస్టేబులు టైమైందన్నాడు.

మూడూ నలభైకి లీదియా ఆస్పత్రి వరండాలో క్యారొలిన్ పక్కన కూర్చుంది. క్యారొలిన్ కెల్విన్ భార్య. స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఏడాదిగా ఇద్దరి హెలికాప్టర్ల ట్యూబులూ ఆమే మారుస్తోంది.

"ఆ లోపలి ట్యూబు నేను వేసిందే. అంతకు ముందటి ఆదివారం రెండిటికీ కొత్తవి వేశాను," అంది. "పాతబడితే గట్టిపడి బిరడా దగ్గర చీలుతుంది దీదీ. గుండు ట్యాంకు గోడకి తగలకుండా కొలిచి కోయాలి. నేను కోసింది ఎప్పుడూ తప్పు పోలేదు."

"నువ్వు మొదలుపెట్టకముందు ఎవరు చేసేవారు?"

"ధనరాజు భయ్యాకైతే కళ్యాణి. ఆరేళ్లు." క్యారొలిన్ చున్నీ కొస మెలిపెట్టింది. "వాళ్లింట్లో టీ ఇస్తే అందరికీ కప్పుల్లో ఇస్తుంది, నాకు స్టీలు గ్లాసులో. కాలుతూ ఉంటుంది, పట్టుకోలేను. ఒకసారి భయ్యా అందరి ముందూ అన్నారు, కళ్యాణి కోస్తే ట్యూబు వంకర, క్యారొలిన్ కోసింది చూడండి అని. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది."

"ఆదివారం ట్యాంకు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది?"

"కెల్విన్ ట్యాంకు నింపుతుంటే అతుకు దగ్గర పగిలింది. నేనే వెళ్లి భయ్యాని అడిగాను. ఆయన తనది ఇంకా బిగించలేదు. గుడ్డలో ఉన్నది ఉన్నట్టే నా చేతిలో పెట్టారు. బిగించింది, నింపింది నేనే."

"ఆయన బిరడా విప్పడం చూశావా?"

"గుడ్డ ముడే విప్పలేదు దీదీ. ముడి నేను విప్పాను."

"ఇది ఎస్సైకి చెప్పావా?"

"ఆయన అడగలేదు. ఆయన అడిగింది ఒకటే. ధనరాజు నా వంక ఎలా చూస్తాడని."

"ఏం చెప్పావు?"

"ట్యూబు వంక చూస్తాడని చెప్పాను."

ఐదింటికి లీదియా జంగ్లీఘాట్‌లో ధనరాజు ఇంటి వంటగదిలో ఉంది. కళ్యాణి పీట వేసింది. టీ కప్పులో ఇచ్చింది.

"ఆయన్ని చూశారా? ఏం తిన్నాడు?"

"నువ్వు తిన్నావా అని అడిగాడు. బియ్యం డబ్బా ఒకసారి చూపిస్తావా?"

కళ్యాణి స్టవ్ వైపు తిరిగింది. లీదియా లేచి అల్యూమినియం డబ్బా మూత తీసింది. చెయ్యి ముంచింది. అడుగున ఇంకో ట్యాంకు ఉంది, ధనరాజు అదనంగా ఉంచుకున్నది. దాని ట్యూబుల నోళ్లు ఒకదానితో ఒకటి కలిపి ఉన్నాయి. ఆమె దాన్ని చెవి దగ్గర ఆడించింది. లోపల గుండు తప్ప ఏమీ కదల్లేదు.

"ఇందులో నూక లేదు. నువ్వు నోళ్లు కలిపి పెడతావు కాబట్టి ఎప్పుడూ ఉండదు. ఆదివారం ట్యాంకులో ఉంది. బిరడా ఇక్కడే ఊడింది కళ్యాణీ. బియ్యంలోంచి తీసిన చేత్తోనే లాగారు. ఆ వారం ధనరాజు హేవ్‌లాక్‌లో ఉన్నాడు."

కళ్యాణి స్టవ్ ఆపింది. ఆమె మెడలో పసుపు తాడుకి మూడు పిన్నీసులు వేలాడుతున్నాయి.

"ఆరేళ్లు ఆ ట్యాంకు నేనే కడిగాను దీదీ," అంది. "ఆయన ఆదివారం రాత్రి వచ్చి పడుకునేవాడు. నేను కూకుని ఒంపి, గుండు తుడిచి, ట్యూబు వంచి చూసి, ఆరబెట్టి, దీంట్లో పెట్టేదాన్ని. ఒక్కనాడు బాగుందనలేదు. బాగోలేదనీ అనలేదు. అది నా పని, అంతే. ఆవిడ వచ్చింది. బ్లేడు పట్టుకుని, స్కేలు పెట్టుకుని. ఆ రోజు నుంచి అన్నం కాడ క్యారొలిన్, పడుకునే కాడ క్యారొలిన్. క్యారొలిన్ ఎంత నిటారుగా కోసిందో చూడు. నలుగురిలో నన్నన్నాడు. ఆవిడ నవ్వింది."

"గుచ్చి ఏం జరగాలనుకున్నావు?"

"ఇంజన్ ఆగాలి. ఆయన దించేయాలి. నాలుగుసార్లు దించాడు కదా, ఎత్తులో ఉంటే ఏటీ అవదు. ఇంటికొచ్చి ట్యూబు చూసి, క్యారొలిన్ ఏసిన ట్యూబు వారం కూడా ఆగలేదని అనాలి. ఆ మాట ఆయన నోటంట రావాలి. ఆవిణ్ణి ఇంక ముట్టుకోనివ్వకూడదు." ఆమె గొంతు మారలేదు. "అది కెల్విన్ చేతికెల్లుద్దని నాకెవరు చెప్తారు దీదీ? మా ఆయన తన ట్యాంకు ఎవరికీ ఇవ్వడు. సొంత బావమరిదికి ఇవ్వలేదు. ఆవిడ అడిగితే ఇచ్చేశాడు."

"ఏ పిన్ను?"

కళ్యాణి పసుపు తాడు నుంచి మధ్య పిన్నీసు తీసి స్టీలు పళ్లెంలో పెట్టింది. మొన నల్లబడి ఉంది. ఇంధనంలో కలిపే ఆముదం అంటి జిగటగా ఎండిపోయింది. లీదియా దాన్ని వేలితో తాకలేదు.

"కెల్విన్ బతుకుతాడా?"

"డాక్టర్లు ఇంకా చెప్పలేదు."

"నేను స్టేషన్‌కొచ్చి చెప్తే ఆయన్ని వదిలేస్తారా?"

"ఈ పిన్నూ, ఆ నూకా, క్యారొలిన్ మాటా ఉంటే పట్టుకుని ఉంచలేరు. నిన్ను ఉంచుతారు."

"అదే కదా నేను మిమ్మల్ని అడిగింది. ఆయన్ని బయటికి తెమ్మని."

"నీకు తెలిసే నా దగ్గరికి వచ్చావా?"

"పిన్ను సంగతి తేలకుండా తెత్తారేమో అనుకున్నాను. మీరు పేపర్లో పడ్డారు కదా." ఆమె గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు వేసుకుంది. "పదండి."

లీదియా పిన్నీసుని మడిచి పెట్టుకోవడానికి సంచీలోంచి కాగితం తీసింది. అప్పుడు ఫోను మోగింది. ప్రవీణ్ కుమార్. ఒక చేతిలో కాగితం ఉంది. ఆమె ఫోనుని గట్టు మీద పెట్టి స్పీకర్ నొక్కింది.

"అక్కా, కేసు బంద్," అన్నాడు ప్రవీణ్ కుమార్. "నువ్వు వెళ్లిన అరగంటకి మీవాడే నన్ను పిలిచాడు. మొత్తం తనే చేశానన్నాడు. పొద్దున మేజిస్ట్రేట్ ముందు చెబుతాడట. ఈసారి పేపర్లో ఎవరి ఫొటో వస్తుందో చూద్దాం."

"అతను అబద్ధం చెబుతున్నాడు. నా దగ్గర సాక్ష్యం ఉంది."

"ముందు కారణం విను. నేను నిన్నటి నుంచి అడుగుతున్నదే, ఇవాళ తన నోటితో చెప్పాడు. ఏడాది నుంచి క్యారొలిన్ మీద మనసుందట. కెల్విన్ అడ్డట. అందుకే ట్యాంకు ఇచ్చానన్నాడు."

లీదియా ఫోను కట్ చేసింది. కళ్యాణి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆ మాట ఆయనే అన్నాడా?"

"ఎస్సైకి ఒక కారణం కావాలి. అది ఎస్సై ముందే తయారుగా పెట్టుకున్న కారణం. ధనరాజు సరేనన్నాడు. నిన్ను కాపాడ్డానికి కళ్యాణీ. నేను వేసిన ప్రశ్నలతో అతనికి నీ సంగతి అర్థమైంది."

"నన్ను కాపాడ్డానికే అన్నాడని మీకు ఎలా తెలుసు?"

లీదియా చేతిలోని ఖాళీ కాగితాన్ని మడిచింది.

"చెప్పండి దీదీ. మీరు అన్నీ రుజువు మీద చెప్తారు కదా. దీనికేటి రుజువు?"

"లేదు," అంది లీదియా.

కళ్యాణి లోపలికి వచ్చింది. లీదియా చెయ్యి చాపేలోపే పళ్లెంలోంచి పిన్నీసు తీసుకుంది. కుళాయి విప్పింది. గిన్నెలు తోమే సబ్బు రాసి, పీచుతో మొనని తోమి, కడిగింది. పమిటతో తుడిచి, మళ్లీ పసుపు తాడుకి తగిలించుకుంది.

తర్వాత బియ్యం డబ్బాకి మూత పెట్టింది.

ఐదూ ఇరవైకి గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది.